రోజెల్‌లో ఒక బట్టల దుకాణం

(సిడ్నీ పశ్చిమ శివారులో తెలుగువాళ్ళు నెలనెలా కలుసుకునే సమావేశంలో చేసిన ప్రసంగం. రికార్డింగ్ నుంచి రాసుకున్నది.)

అందరికీ నమస్కారం. పెద్దవాళ్ళకు, పిల్లలను ఒళ్ళో పెట్టుకుని మరీ వచ్చిన అక్కచెల్లెళ్ళకు ప్రత్యేకంగా.

మనం కూర్చున్న ఈ హాలు ఈ ఖండపు మూలవాసుల్లో ఒకరైన దారుగ్ ప్రజల నేల మీద ఉంది. ఇక్కడ ఏ సభ మొదలైనా ముందు ఈ మాట చెప్పడం ఆనవాయితీ. పిల్లల స్కూల్లో వింటాం, ఆఫీసు మీటింగుల్లో వింటాం. విని విని అలవాటైపోయి దాని మీద మనసు పెట్టడం మానేస్తాం. ఈ సాయంత్రం నేను చెప్పబోయేది ఆ మాటకు సంబంధించిందే. ఆ నేల మనుషులు ఏం కట్టుకున్నారు, ఏం కట్టుకోమని వాళ్ళను ఒత్తిడి చేశారు, తర్వాత తమ బట్టను తామే తయారుచేసి తామే అమ్ముకోవడానికి ఏం చేయాల్సి వచ్చింది అనేదే నా విషయం.

నాది కృష్ణా జిల్లా పెడన. మా ఇంట్లో అద్దకం పని ఉండేది. ఇక్కడికి వచ్చాక కూడా ప్రింటెడ్ బట్టల వ్యాపారంలోనే పనిచేస్తున్నాను. అందుకే నాకు ఏ బట్ట చూసినా మొదట వచ్చే ప్రశ్న ఒకటే. ఈ నమూనా ఎవరిది, దీని మీద వచ్చే డబ్బు ఎవరికి పోతోంది? ఈ ప్రశ్నకు ఆస్ట్రేలియాలో చాలా గట్టిగా జవాబు చెప్పిన మనిషి బ్రాన్విన్ బాన్‌క్రాఫ్ట్. ఆవిడ గురించి చెబుతాను.

బాన్‌క్రాఫ్ట్ 1958లో టెంటర్‌ఫీల్డ్‌లో పుట్టారు. న్యూ సౌత్ వేల్స్ ఉత్తరాన, క్వీన్స్‌లాండ్ సరిహద్దు దగ్గర చిన్న ఊరు. ఏడుగురు పిల్లల్లో ఆఖరిది. తండ్రి వైపు బుంజలంగ్ జాతి, అందులో జాన్‌బున్ అనే వంశం. తల్లి వైపు స్కాటిష్, పోలిష్ మూలాలు.

టెంటర్‌ఫీల్డ్ గురించి ఇక్కడి స్కూలు పిల్లలు చదువుకునే ఉంటారు. 1889 అక్టోబరులో హెన్రీ పార్క్స్ అనే నాయకుడు అక్కడ ఒక ప్రసంగం చేశాడు. విడివిడిగా ఉన్న ఈ కాలనీలన్నీ కలిసి ఒకే దేశం కావాలన్నాడు. 1901లో దేశం ఏర్పడింది, రాజ్యాంగం వచ్చింది. ఆ రాజ్యాంగంలో 127వ సెక్షన్ అని ఒకటుండేది. దేశ జనాభా లెక్క తేల్చేటప్పుడు అబొరిజినల్ ప్రజలను, అంటే ఈ ఖండపు మూలవాసులను, కలపకూడదని అందులో రాసిపెట్టారు. దాన్ని తీసేసింది 1967 రెఫరెండంలో. దేశం ఏర్పడాలని పిలుపు ఇచ్చిన ఊళ్ళోనే పుట్టిన ఆ అమ్మాయికి, తనవాళ్ళను ఆ దేశం లెక్కలోకి తీసుకునేసరికి తొమ్మిదేళ్ళ వయసు. ఎప్పుడో తాతల కాలం నాటి సంగతి అనుకుంటాం గానీ, ఈ హాల్లో ఉన్న కొందరికి ఆ ఏడాది బాగానే గుర్తుంటుంది.

చదువు సంగతి ఇంకా బాధ కలిగిస్తుంది. 1880ల నుంచి ఈ రాష్ట్రంలో అబొరిజినల్ పిల్లలను బడిలో చేర్చుకోవాలంటే మూడు షరతులు ఉండేవి. శుభ్రంగా ఉండాలి, ఒంటి నిండా బట్టలుండాలి, మర్యాదగా ఉండాలి. ఆ షరతులన్నీ తీర్చినా సరే, తెల్లవాళ్ళ తల్లిదండ్రులు అభ్యంతరం చెబితే ఆ పిల్లను బడి నుంచి పంపించేయొచ్చు. ఈ అధికారం కాగితం మీద 1972 దాకా ఉంది. బాన్‌క్రాఫ్ట్ తండ్రి తరం ఇలాంటి నిబంధనల వల్లే చదువుకు దూరమైంది. ఆ రెండో షరతును గమనించండి. బట్టలుండాలట. దక్షిణాన ఈ ప్రజలకు వేల ఏళ్ళుగా తమదైన వస్త్రం ఉండేది, దాన్ని పోగొట్టుకున్నది ఈ కొత్త పాలనలోనే.

ఆ వస్త్రం గురించి కాస్త వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే ఇది తెలియకపోతే బాన్‌క్రాఫ్ట్ తరం చేసిన పని అర్థం కాదు.

ఆస్ట్రేలియా అంటే ఎండ, ఎడారి అని మనకో చిత్రం. ఆగ్నేయ భాగంలో చలి గట్టిగానే ఉంటుంది. విక్టోరియాలో, న్యూ సౌత్ వేల్స్ దక్షిణాన పోసమ్ అనే చెట్ల మీద తిరిగే చిన్న జంతువు తోళ్ళతో దుప్పటిలాంటి పెద్ద వస్త్రం చేసుకునేవారు. చిన్నచిన్న తోళ్ళను కంగారూ తోక నరాలతో కలిపి కుట్టేవారు. లోపలి వైపు గీతలు చెక్కి, జేగురు మట్టి రంగు అద్దేవారు. ఆ గీతల్లో తమ ఊరు, వంశం, నీటి గుంటలు అన్నీ ఉండేవి. పిల్ల పుట్టినప్పుడు చిన్నగా మొదలుపెట్టి, పిల్ల పెరిగేకొద్దీ తోళ్ళు కలుపుతూ పోయేవారు. మనిషి చనిపోతే అదే కప్పి సాగనంపేవారు. అంటే ఒక మనిషి జీవితమంతా ఒక వస్త్రం మీద ఉండేది.

తర్వాత వాళ్ళ నేల పోయింది, వేట పోయింది. ప్రభుత్వం ఏటా ఉన్ని దుప్పట్లు పంచడం మొదలుపెట్టింది. ఉన్ని దుప్పటి వానకు తడిసి ముద్దయిపోతుంది. పోసమ్ తోలు తడిని అంత తేలిగ్గా పట్టనివ్వదు. ఆ మార్పు వల్ల జబ్బులు పెరిగాయని ఆ కాలపు రాతల్లోనే ఉంది. పాత తోలు వస్త్రాలు ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టేన్నే మిగిలాయి. మెల్‌బోర్న్ మ్యూజియంలో రెండున్నాయి. ఒకటి 1853 నాటిది, ఒకటి 1872 నాటిది. 1999లో విక్కీ కజెన్స్, డెబ్రా కజెన్స్, ట్రియానా హామ్, లీ డారక్ అనే నలుగురు మహిళలు వాటిని చూసి, అలాంటివి మళ్ళీ తయారుచేయడం మొదలుపెట్టారు. 2006లో మెల్‌బోర్న్ కామన్వెల్త్ క్రీడల ప్రారంభోత్సవంలో పెద్దవాళ్ళు వాటిని కప్పుకుని నడిచారు. అవకాశం దొరికితే ఆ మ్యూజియంకు పిల్లల్ని తీసుకెళ్ళండి.

ఇప్పుడు బాన్‌క్రాఫ్ట్ దగ్గరకు వద్దాం. ఆవిడ కాన్‌బెర్రా స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో విజువల్ కమ్యూనికేషన్స్ డిప్లొమా చేశారు. తర్వాత సిడ్నీ వచ్చారు. 1985లో అక్కడి రోజెల్ అనే పేటలో ఒక దుకాణం తెరిచారు. పేరు డిజైనర్ అబొరిజినల్స్. తనతో పాటు ఇతర అబొరిజినల్ కళాకారులు తయారుచేసిన బట్టలు అందులో అమ్మేవారు. కౌంటర్ దగ్గర నిలబడింది కూడా ఆవిడ దగ్గర పని నేర్చుకుంటున్న అబొరిజినల్ అమ్మాయిలే.

ఇందులో అంత విశేషం ఏముంది, రోజూ ఎన్ని షాపులు తెరుచుకోవడం లేదు అనిపించవచ్చు. విశేషం ఉంది. 1970, 80ల్లో అబొరిజినల్ బొమ్మలున్న బట్టలు ఆస్ట్రేలియాలో ఎక్కడ పడితే అక్కడ దొరికేవి. టీ టవళ్ళు, టీ షర్టులు, టేబుల్ క్లాతులు, కర్టెన్లు. చుక్కలు, కంగారూలు, బూమరాంగులు. వాటిలో చాలా వాటిని గీసింది వేరేవాళ్ళు. లేదంటే ఎవరో అబొరిజినల్ పెద్దాయన చెట్టు బెరడు మీద వేసిన చిత్రాన్ని ఏదో పుస్తకంలోంచి ఎత్తి అచ్చు కొట్టేవాళ్ళు. అడిగేవాళ్ళు లేరు. ఆ వ్యాపారంలో అబొరిజినల్ మనిషికి ఉన్న స్థానం ముడిసరుకు ఇచ్చేవాడి స్థానం. అది కూడా ఉచితంగా. అలాంటి కాలంలో నమూనా గీసిన చెయ్యి, గుడ్డ కోసిన చెయ్యి, గల్లాపెట్టె తీసిన చెయ్యి అన్నీ వాళ్ళవే అయిన ఒక చోటు రోజెల్‌లో వెలిసింది. నా దృష్టిలో పారిస్ కంటే ఇదే పెద్ద విషయం.

పారిస్ సంగతి కూడా చెప్పాలి మరి. 1987లో పారిస్‌లోని ప్రింటాం అనే పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్ ఆస్ట్రేలియా ఫ్యాషన్‌తో ఒక ప్రదర్శన పెట్టింది. దానికి బాన్‌క్రాఫ్ట్‌తో పాటు యుఫీమియా బోస్టాక్, మినీ హీత్ అనే మరో ఇద్దరు అబొరిజినల్ డిజైనర్లకు పిలుపు వచ్చింది. బోస్టాక్ కూడా బుంజలంగ్ వైపు మనిషే. ఇందాక చెప్పిన పోసమ్ తోలు వస్త్రం మీది గీతలను స్ఫూర్తిగా తీసుకుని ఆవిడ స్క్రీన్ ప్రింట్ బట్ట చేశారు. ఆ బట్ట ఇప్పుడు నేషనల్ గ్యాలరీలో ఉంది. పారిస్ తర్వాత రెండేళ్ళకు లండన్‌లో జరిగిన ఆస్ట్రేలియన్ ఫ్యాషన్ ఎగ్జిబిషన్‌లో కూడా బాన్‌క్రాఫ్ట్ బట్టలు ఉన్నాయి.

ఆ రోజులు ఎలాంటివో చూడండి. 1988లో తెల్లవాళ్ళు వచ్చి 200 ఏళ్ళయిందని దేశమంతా పండగ. ఆ జనవరి 26న ఇదే సిడ్నీలో వేలాది మంది అబొరిజినల్ ప్రజలు, వాళ్ళ మద్దతుదారులు ఊరేగింపు తీశారు, మేము ఇంకా బతికే ఉన్నామని చెప్పడానికి. ఒక పక్క ఆస్ట్రేలియా తనదైన ముద్ర కోసం వెతుకుతూ వాళ్ళ నమూనాలను ప్రపంచానికి చూపించుకుంటోంది. ఇంకో పక్క ఆ నమూనాలు ఎవరివో వాళ్ళ హక్కుల గురించి మాట్లాడడానికి ఇష్టపడడం లేదు. ఈ రెండింటి మధ్య నిలబడి ఒక ఆడమనిషి డ్రెస్సులు కుట్టి అమ్ముతోంది.

నేను ఈ వ్యాపారంలో ఉన్నాను కాబట్టి డబ్బు లెక్క కూడా చెప్పాలి. కళ గురించి రాసేవాళ్ళు ఇది వదిలేస్తారు.

స్క్రీన్ ప్రింటింగ్‌లో ఒక్కో రంగుకు ఒక్కో స్క్రీన్, అంటే రంగు దిగే జాలీ చట్రం, కావాలి. నాలుగు రంగుల నమూనా అంటే నాలుగు స్క్రీన్లు, నాలుగు సార్లు అద్దడం, ప్రతిసారీ రంగు కచ్చితంగా పాత రంగు పక్కన కూర్చోవాలి. కాస్త పక్కకు జరిగితే ఆ గజాలన్నీ దండగ. ఒకే నమూనాను వేల గజాలు కొడితే గజానికి ఖర్చు తగ్గుతుంది. చిన్న దుకాణం అంత కొట్టలేదు. యాభై గజాలు కొడితే ఆ ఖర్చంతా ఆ యాభై గజాల మీదే పడుతుంది. తర్వాత కటింగ్, కుట్టు. ఇక్కడి కూలి రేట్లు మీకు తెలుసు. సైజులు నాలుగైదు చేయాలి, అందులో ఏ సైజు మిగిలిపోతుందో ముందు తెలియదు. డబ్బంతా ముందు పెట్టాలి, అమ్మకం ఆర్నెల్ల తర్వాత. మధ్యలో అద్దె ఆగదు. కరెంటు బిల్లు ఆగదు.

మామూలు కుటుంబంలో ఈ ముందు పెట్టే డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? నాన్న ఇల్లు తాకట్టు పెడతాడు, మామయ్య అప్పిస్తాడు, అమ్మ గాజులు తీసిస్తుంది. మనవాళ్ళు ఇక్కడ పెట్టిన రెస్టారెంట్లు, గ్రోసరీ షాపులు చాలావరకు అలా మొదలైనవే. అబొరిజినల్ కుటుంబాల దగ్గర ఆ ఆస్తి లేదు. అది సోమరితనం వల్ల కాదు. ఈ రాష్ట్రంలో దశాబ్దాల పాటు అబొరిజినల్ పిల్లలను ఇళ్ళల్లో, పొలాల్లో పనికి పెట్టి, వాళ్ళ జీతాన్ని ప్రభుత్వ బోర్డు తన దగ్గర పెట్టుకునేది. చాలామందికి ఆ డబ్బు చేతికే రాలేదు. తిరిగి ఇవ్వడానికి రాష్ట్ర ప్రభుత్వం ఒక పథకం పెట్టింది 2000ల్లో. అప్పటికి సంపాదించినవాళ్ళలో ఎంతోమంది చనిపోయారు. తల్లి జీతం ప్రభుత్వం దగ్గరే ఉండిపోతే కూతురు ఏం పెట్టి షాపు తెరవాలి? కాబట్టి రోజెల్‌లో ఆ దుకాణం అద్దె కట్టి నిలబడిందంటే నాకు దాని మీద గౌరవం ఎక్కువ.

బాన్‌క్రాఫ్ట్ జీవితాంతం బట్టల దగ్గరే ఉండిపోలేదు. కొన్నేళ్ళకు ఫ్యాషన్ నుంచి చిత్రకళ వైపు, పిల్లల పుస్తకాల బొమ్మల వైపు వెళ్ళారు. ఇక్కడి లైబ్రరీలో పిల్లల సెక్షన్‌కు వెళితే ఆవిడ బొమ్మలు కనిపించకుండా బయటకు రాలేరు. నల్లని గీతల మధ్య నిండుగా రంగులు, రంగు గాజు కిటికీలో వెలుతురు పడినట్టు ఉంటాయి. ఆ గీతల్లో బట్ట మీద పనిచేసిన చెయ్యి నాకు కనిపిస్తుంది. ఎందుకంటే బట్ట డిజైన్ చేసేవాళ్ళు ఖాళీని వదలరు, ప్రతి ఖాళీ కూడా నమూనాలో భాగమే.

దుకాణం మానేయడం ఓటమి అని కొందరు అనొచ్చు. నేను ఒప్పుకోను. 1987లోనే ఆవిడ, బోస్టాక్, మరో ఎనిమిది మంది కలిసి బూమల్లీ అనే కళాకారుల సహకార సంఘం పెట్టారు. ఫొటోగ్రాఫర్ మైకెల్ రైలీ, ట్రేసీ మొఫాట్, ఫియోనా ఫోలీ, బ్రెండా క్రాఫ్ట్, ఇలా తర్వాత ప్రపంచానికి తెలిసిన పేర్లు అందులో ఉన్నాయి. నగరంలో ఉండే అబొరిజినల్ కళాకారులకు అప్పట్లో ఓ విచిత్రమైన సమస్య. ఎడారిలో ఉండి చుక్కల చిత్రాలు వేస్తేనే అసలైన అబొరిజినల్ కళ అని గ్యాలరీలు అనుకునేవి. సిడ్నీలో పెరిగి, కాలేజీలో చదివి, కెమెరాతోనో కుట్టుమిషన్‌తోనో పనిచేసేవాళ్ళను ఏ గూటికీ చెందనివాళ్ళుగా చూసేవి. ఆ తలుపు తెరుచుకునేదాకా ఎదురుచూడకుండా తమ గ్యాలరీని తామే పెట్టుకున్నారు. ఆ సంఘం ఇప్పటికీ నడుస్తోంది. బాన్‌క్రాఫ్ట్ పిల్లల్ని పెంచి, పుస్తకాలు వేసి, తర్వాత డాక్టరేట్ కూడా తీసుకున్నారు. తండ్రికి దక్కని చదువు అది. ఆవిడ కొడుకు జాక్ మానింగ్ బాన్‌క్రాఫ్ట్ 2005లో, తను ఇంకా విద్యార్థిగా ఉన్నప్పుడే, యూనివర్సిటీ పిల్లలు అబొరిజినల్ స్కూలు పిల్లలకు తోడుగా ఉండే కార్యక్రమం ఒకటి మొదలుపెట్టాడు. దాని పేరు ఎయిమ్. మన పిల్లల్లో దాని హుడీ వేసుకున్నవాళ్ళను చూసే ఉంటారు.

చిత్రాలు ఎత్తి అచ్చు కొట్టేవాళ్ళని చెప్పాను కదా ఇందాక. అది కోర్టుల్లో ఎలా తేలిందో రెండు ముక్కల్లో చెబుతాను.

ఉత్తర ఆస్ట్రేలియాలోని ఆర్నెమ్ లాండ్‌లో జానీ బులున్ బులున్ అనే పెద్ద చిత్రకారుడు. ఆయన చిత్రాలను అనుమతి లేకుండా టీ షర్టుల మీద అచ్చు వేసి అమ్మారు. ఆయన కేసు వేశాడు, 1989లో పరిహారంతో అది పరిష్కారమైంది. తర్వాత కొన్నేళ్ళకు మళ్ళీ అదే కథ, ఈసారి విదేశంలో అచ్చయి వచ్చిన డ్రెస్ మెటీరియల్ మీద. 1998లో తీర్పు వచ్చింది. ఆ తీర్పులో ఒక మంచి మాట ఉంది. కాపీరైట్ చిత్రకారుడిదే అయినా, ఆ చిత్రంలోని పవిత్రమైన జ్ఞానం అతని వంశం మొత్తానిది కాబట్టి, దాన్ని కాపాడే బాధ్యత అతని మీద ఉందని జడ్జి ఒప్పుకున్నాడు. మధ్యలో 1994లో కార్పెట్ల కేసు. పెద్దపెద్ద చిత్రకారుల పవిత్ర చిత్రాలను వియత్నాంలో కార్పెట్లుగా నేయించి ఇక్కడ అమ్మారు. పూజగదిలో ఉండాల్సిన బొమ్మ మీద కాళ్ళు పెట్టి నడవడం. ఆ బాధ మనకు ఎవరూ వివరించక్కర్లేదు. ఫెడరల్ కోర్టు దాదాపు 1,88,000 డాలర్లు కట్టమంది. బొమ్మలు వేసినవారిలో చాలామంది అప్పటికే చనిపోయారు.

ఇవన్నీ గెలిచినా నకిలీలు ఆగలేదు. 2019లో బిరుబి ఆర్ట్ అనే కంపెనీకి 23 లక్షల డాలర్ల జరిమానా పడింది. ఇండొనేషియాలో చేయించిన 18,000కు పైగా వస్తువులను అబొరిజినల్ చేతిపనులని నమ్మించి అమ్మింది. అప్పటికే ఆ కంపెనీ దివాలా ప్రక్రియలో ఉంది. ఫెడరల్ ప్రభుత్వానికి సలహాలిచ్చే ప్రొడక్టివిటీ కమిషన్ 2022లో ఇచ్చిన నివేదిక ప్రకారం, అబొరిజినల్ తరహా వస్తువుల మీద జనం పెట్టే ఖర్చులో సగానికి పైగా నకిలీలకే పోతోంది. మీరు ఇండియా వెళ్ళేటప్పుడు సిడ్నీ రేవు సర్క్యులర్ కీ దగ్గర హడావుడిగా కొనుక్కెళ్ళే ఫ్రిజ్ మాగ్నెట్లు, కీ చెయిన్లు ఆ లెక్కలోవే.

అన్నీ బయటివాళ్ళు చేసిన అన్యాయాలేనా అంటే, జెండా కథ ఒకటుంది. నలుపు, ఎరుపు, మధ్యలో పసుపు గుండ్రం ఉన్న అబొరిజినల్ జెండాను హెరాల్డ్ థామస్ 1971లో రూపొందించారు. లురిట్జా జాతి కళాకారుడు. కాపీరైట్ ఆయనదేనని 1997లో కోర్టు చెప్పింది. 2018లో బట్టల మీద ఆ జెండా వేసే హక్కును ఆయన వామ్ క్లోతింగ్ అనే కంపెనీకి లైసెన్సుగా ఇచ్చారు. అది అబొరిజినల్ కంపెనీ కాదు. మరుసటి ఏడాది క్లోతింగ్ ద గ్యాప్ అనే చిన్న బట్టల కంపెనీకి నోటీసు వచ్చింది, జెండా ఉన్న బట్టలు అమ్మడం ఆపమని. దాన్ని నడుపుతున్న లారా థాంప్సన్ గుండిట్జ్‌మారా జాతి మనిషి. తన జాతి జెండాను టీ షర్టు మీద వేయడానికి ఆమె వేరేవాళ్ళ అనుమతి అడగాలి. పెద్ద ఉద్యమం నడిచింది. చివరకు 2022 జనవరిలో ఫెడరల్ ప్రభుత్వం 2 కోట్ల డాలర్లకు పైగా ఇచ్చి ఆ హక్కులన్నీ కొనేసింది. ఇప్పుడు ఎవరైనా వేసుకోవచ్చు. ఒక కళాకారుడి హక్కు, ఒక జాతి మొత్తం హక్కు ఎదురెదురుగా నిలబడితే ఏది న్యాయం? నేను ఇప్పటికీ రెండు వైపులా ఆలోచిస్తూనే ఉంటాను. థామస్‌ను తప్పుపట్టడానికి నాకు మనసు రాదు. తన గీతకు తను డబ్బు తీసుకున్నాడు. ఈ దేశంలో అబొరిజినల్ కళాకారుల్లో ఎంతమందికి ఆ అవకాశం దక్కింది?

ఇప్పటి తరంలో నాకు బాగా నచ్చిన డిజైనర్ డెన్నీ ఫ్రాన్సిస్కో. విరాజురి జాతి. మెల్‌బోర్న్ నుంచి 2018లో ఎన్‌గాలి అనే లేబుల్ మొదలుపెట్టారు. అంతకు ముందు చాలాకాలం పిల్లల బట్టల వ్యాపారం చేశారు, కాబట్టి కటింగ్ నుంచి అమ్మకం దాకా చేతిలో పని ఉంది. ఆవిడ పద్ధతి వేరు. ఇతర జాతుల చిత్రకారులతో ఒప్పందం చేసుకుని, లైసెన్సు డబ్బు ఇచ్చి, వాళ్ళ చిత్రాలను సిల్క్ మీద డిజిటల్ ప్రింట్‌గా వేస్తారు. లిండ్సే మలే అనే గిజా జాతి చిత్రకారుడి చిత్రాలతో చేసిన బట్టలు చూడాలి. దూరం నుంచి రంగుల అలల్లా ఉంటాయి. 2023లో ఆస్ట్రేలియన్ ఫ్యాషన్ వీక్‌లో సొంతంగా ఒక షో చేసిన మొదటి అబొరిజినల్ డిజైనర్ ఆవిడే. ఒక్కసారి వెనక్కు లెక్కేయండి. పారిస్ పిలిచింది 1987లో. సొంత దేశపు వేదిక మీద ఒక అబొరిజినల్ డిజైనర్‌కు తన పేరుతో పూర్తి షో దొరికింది 2023లో. 36 ఏళ్ళు.

(సభలోంచి ఒకరు: "అమ్మా, మన కలంకారీకి కూడా ఇదే కదా జరుగుతోంది?")

అవునండీ బాబాయ్‌గారూ, అదే చెప్పబోతున్నాను. మచిలీపట్నం కలంకారీకి, శ్రీకాళహస్తి కలంకారీకి రెంటికీ జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు ఉంది. అయినా మాల్‌లో కలంకారీ ప్రింట్ అని ఉన్న కుర్తీ తీసుకుని వెనక్కి తిప్పి చూడండి. కరక్కాయ నీళ్ళు తాగిన బట్ట కాదు, చెక్క అచ్చు తగిలిన బట్ట కాదు. ఎక్కడో మిషన్ మీద కొట్టిన పాలియెస్టర్. పెడనలో అచ్చులు చెక్కే పనివాళ్ళు తగ్గిపోతున్నారు. కాకపోతే తేడా ఒకటి గమనించాలి. జీఐ ఇచ్చేది ఊరికి, పద్ధతికి. కొత్తగా ఒక నమూనా గీసిన మనిషికి పేరు, వాటా ఇవ్వడం దాని పని కాదు. మన దగ్గర అచ్చు చెక్కినవాడి పేరు చీర మీద ఎప్పుడైనా చూశామా? ఇక్కడ ఎన్‌గాలి బట్ట కొంటే చిత్రకారుడి పేరు చెబుతారు. ఆ ఒక్క పద్ధతి మనం తెచ్చుకోవచ్చు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆర్నెమ్ లాండ్‌లో మానింగ్రిడా అనే ఊళ్ళో బాబర్రా మహిళా కేంద్రం ఉంది. ఆడవాళ్ళు లినో అనే మెత్తటి షీటు మీద చెక్కి, స్క్రీన్ మీద వేసి బట్టలు అద్దుతారు. వాళ్ళు బెంగళూరులో తరంగిణి అనే బ్లాక్ ప్రింటింగ్ స్టూడియోతో కలిసి పనిచేశారు. వాళ్ళ నమూనాలు మన చెక్క అచ్చుల మీదకు ఎక్కాయి, వాళ్ళ పేర్లతో, వాళ్ళ అనుమతితో. కాబట్టి రెండు చేతిపనులు కలవడం తప్పు కాదు. అడిగి చేస్తే అది పని, అడక్కుండా చేస్తే దోపిడీ.

(మరొకరు: "మనం ఆ బట్టలు వేసుకోవచ్చా? వాళ్ళు ఏమీ అనుకోరా?")

చాలామంది ఈ ప్రశ్న నన్ను విడిగా అడుగుతారు, మొహమాటపడుతూ. వేసుకోవచ్చు. అమ్మడానికి పెట్టిన బట్ట అందరూ కొని కట్టుకోవడానికే. బట్టల వ్యాపారం చేస్తున్న అబొరిజినల్ డిజైనర్‌కు కావాల్సింది కొనేవాళ్ళు. కొన్ని లేబుళ్ళు తమవాళ్ళు మాత్రమే వేసుకోవాల్సిన డిజైన్లు ఏవో, అందరూ వేసుకోగలవి ఏవో వాళ్ళ వెబ్‌సైట్‌లోనే విడిగా రాస్తాయి. అది చదివి కొనండి. ట్యాగ్ మీద కళాకారుడి పేరు, జాతి పేరు ఉన్నాయా చూడండి. అబొరిజినల్ స్టైల్, అబొరిజినల్ ఇన్‌స్పైర్డ్ అని మాత్రమే ఉండి మనిషి పేరు లేకపోతే పక్కన పెట్టేయండి. ధర ఎక్కువనిపిస్తుంది. ఇందాక చెప్పిన యాభై గజాల లెక్క గుర్తు తెచ్చుకోండి.

బాన్‌క్రాఫ్ట్ దుకాణం ఇప్పుడు లేదు గానీ బూమల్లీ ఉంది, రోజెల్‌కు దగ్గర్లోనే, లైక్‌హార్ట్‌లో. లోపలికి వెళ్ళి తీరిగ్గా చూడొచ్చు, కొనుక్కోవచ్చు కూడా. వచ్చే నెల మన సమావేశం బదులు అక్కడికే వెళ్దామని నా ఆలోచన. రావాలనుకునేవాళ్ళు టీ తాగేటప్పుడు నాకు పేర్లు ఇవ్వండి. కార్లు ఎన్ని కావాలో చూసుకుందాం.